మొగుడి కోసం నాలుగు గుళ్ళు

లొరేతత్త తన జీవితంలో రోమ్‌కు ఒక్కసారే వచ్చింది. స్టేషన్‌లో కాలు పెట్టింది మొదలు తలగుడ్డ కొసను ముక్కుకు అడ్డం పెట్టుకునే ఉంది. నన్ను చూసి ముద్దు పెట్టుకోవడానికి మాత్రం ఒకసారి తీసి, వెంటనే మళ్ళీ పెట్టుకుంది.

"ఏంటే అస్సుంతా ఈ కంపు? ఊరంతా ఇంతేనా, ఈ స్టేషన్ ఒక్కటేనా?"

"బొగ్గు వాసన అత్తా. బయటికొస్తే తగ్గుతుంది."

బయటికి వచ్చాక తగ్గలేదు. పాతగోడ వారన ఒక పెద్దమనిషి అటు తిరిగి నిలబడి ఉన్నాడు. అత్త చూసింది, నేను చూడనట్టు నటించాను. "రెండువేల ఏళ్ళనాటి గోడ అని మన గుడి గురువుగారు రైల్లో చెప్పుకొచ్చాడు. ఇందుకా అట్టిపెట్టారు?" అంది.

అది పంతొమ్మిది వందల యాభై, జూబిలీ ఏడాది. ఇటలీలో ఉన్న ఊళ్ళన్నీ రోమ్‌లోనే దిగుతున్నాయా అన్నట్టు ఉండేది. మా అబ్రుత్సో కొండల్లోని రోక్కాలూపా నుంచి కూడా బిషప్‌గారి మేత్రాసనం వాళ్ళు ఒక రైలు వేశారు. లొరేతత్త మా నాన్నకు వరసకు చెల్లెలు, మా పక్కింటి మనిషి. నేను పెళ్ళి చేసుకుని రోమ్ వచ్చేశాను గనక, సత్రంలో పడుకోకుండా మా ఇంట్లో దిగుతానని కబురు పెట్టింది. ఒక్క పగలూ ఒక్క రాత్రీ. మర్నాడు పొద్దున మళ్ళీ అదే రైలు.

ఆమె వచ్చింది ఊరు చూడటానికి కాదు. చచ్చిపోయిన మొగుడి కోసం వచ్చింది.

జూబిలీ ఏడాదిలో నాలుగు పెద్ద గుళ్ళకూ వెళ్ళి జపాలు చెప్పుకుని, గురువు చెవిలో పాపాలన్నీ ఒప్పుకుని మంచి పాపసంకీర్తనం చేసి, పూజలో దివ్యసత్ప్రసాదం తీసుకున్నవాళ్ళకు పూర్ణఫలం దక్కుతుంది. దాన్ని మనమే ఉంచుకోవచ్చు, లేదా చచ్చాక పాపాల మరక కాలిపోయేదాకా ఉండే ఉత్తరించు స్థలంలో కాగిపోతున్న ఒక ఆత్మకు ఇచ్చేయవచ్చు. ఆ ఆత్మ తిన్నగా పరలోకానికి వెళ్తుంది. మా అత్త మొగుడు గాస్పరె పోయి రెండు చలికాలాలైంది. అతని చెల్లెలు తెక్లాకు అతను కలలో వస్తున్నాడట. గొర్రెల దొడ్డి దగ్గర నిలబడి, పెదాలు పగిలిపోయి, నీళ్ళు అడుగుతున్నాడట.

"మా అన్న దాహంతో అల్లాడుతుంటే నీకు ముద్దెట్లా దిగుతోంది వదినా?" అని తెక్లా కుళాయి దగ్గర పదిమందిలో అడిగేది. బట్టలుతికే ఆడవాళ్ళు చేతులాపి అత్త మొహం వంక చూసేవారు. గురువుగారు కూడా పూజ అయ్యాక ఆపి, "జూబిలీ మళ్ళీ పాతికేళ్ళకు గానీ రాదమ్మా" అనేవారు. చివరికి అత్త, "సరే, పోతాను. మీరు నోళ్ళు మూసుకుంటారంటే కాలినడకనైనా పోతాను" అంది.

ఆ కుళాయి దగ్గర ఎవరూ నోరెత్తని సంగతి ఇంకొకటి ఉంది.

గాస్పరె మామకు ఒక కర్ర ఉండేది. గొర్రెలు కాసే ప్రతివాడికీ ఉంటుంది. మామ కర్ర గొర్రెల మీద తేలిగ్గా పడేది, ఇంట్లో గట్టిగా పడేది. నా చిన్నతనంలో పక్కగోడ అవతల ఆ చప్పుడు మొదలైతే మా అమ్మ చేస్తున్న పని వదిలేసి, ఒక గిన్నె పట్టుకుని, "లొరేతా, కాస్త పులిసిన పిండి ఉంటే పెట్టవే" అంటూ వాళ్ళ తలుపు తోసేది. పరాయి మనిషి గడపలో నిలబడితే అతను కర్ర దించేవాడు. మా ఇంట్లో పులిసిన పిండి ఎప్పుడూ నిండుగానే ఉండేది. అది నాకు పెద్దయ్యాక అర్థమైంది. ఊళ్ళో మిగతా వాళ్ళు మాత్రం, "మగాడన్నాక ఓ దెబ్బ వేస్తాడు, ఓ మాట అంటాడు" అని శిలువ గుర్తు వేసుకుని తమ పని చూసుకునేవారు. మంచి మనుషులే, ప్రార్థనలకు వచ్చేవాళ్ళే. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ నోట్లో చేదుగా ఉంటుంది.

మామను పాతిపెట్టిన మర్నాడు అత్త ఆ కర్రను విరిచి రొట్టెల పొయ్యిలో పెట్టింది. ఆ నిప్పు మీద కాల్చిన రొట్టెలు ఇంటింటికీ పంచింది. మా అమ్మకు ఇచ్చేటప్పుడు, "ఇంక నా ఒంటి మీద కర్ర పడదు వదినా. ఆ పొద్దు అయిపోయింది" అందట.

సరే, రోమ్ సంగతి.

మేరీమాత పెద్దగుడి స్టేషన్‌కు దగ్గరే గనక ముందు అక్కడికి తీసుకెళ్ళాను. గుడి మెట్ల మీద ఒకడు పునీతుల బొమ్మలు, జపమాలలు, పోపుగారి మొహం వేసిన దువ్వెనలు పరుచుకుని కూర్చున్నాడు. "తల్లీ, పోపుగారి చేత్తో దీవించిన దువ్వెన. జుట్టు రాలదు" అన్నాడు.

"నీ జుట్టేమైంది మరి?" అంది అత్త. వాడి తల కోడిగుడ్డులా ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, వాడూ నవ్వాడు. అత్త నవ్వలేదు. "దేవుడి గుమ్మంలో దువ్వెనలమ్మేవాడు వాడొకడు, వాడితో మాట్లాడిన దాన్ని నేనొకదాన్ని" అని చెయ్యి తలగుడ్డకు తుడుచుకుంది.

లోపల జనం చెవుల్లో గింగుర్లెత్తేలా మాట్లాడుకుంటున్నారు. ఒక కుటుంబం స్తంభం మొదట్లో కూర్చుని ఉడకబెట్టిన గుడ్లు ఒలుచుకు తింటోంది. పెంకులు కిందే. అత్త మోకాళ్ళూనే చోటు కోసం వెతికి, గుడ్డు పెంకుల్ని తన చేత్తో ఏరి గౌను జేబులో వేసుకుని, అక్కడే మోకరించి జపాలు చెప్పుకుంది. లేచాక, "మన ఊళ్ళో గొర్రెలు కూడా గుళ్ళోకొస్తే నోరు మూసుకుంటాయి" అంది.

యోహాను గారి గుడికి నడిచే వెళ్ళాం. ఎండ ముదిరింది. ఈ ప్రయాణం కోసమని కొన్న కొత్త బూట్లు ఆమె మడమల్ని అప్పటికే కొరుకుతున్నాయి. దారిలో పడిపోయిన పాతకాలపు కట్టడాల మధ్య ఒకావిడ పిల్లులకు పాస్తా పెడుతోంది. అది చూసి అత్త నిలబడిపోయింది.

"మనుషుల తిండి పిల్లులకా?"

"ఆవిడ రోజూ పెడుతుందత్తా. మిగిలిందే తెస్తుంది."

"మన కొండల్లో యుద్ధమప్పుడు గడ్డి ఉడకేసుకుని తిన్నాం. ఇక్కడ పిల్లులకు మిగులుతోంది." కాస్త ఆగి, కూలిన గోడల్ని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది. "ఇన్ని రాళ్ళు పడున్నాయి. ఎత్తి ఓ దొడ్డి కట్టే మగాడే లేడా ఈ ఊళ్ళో?"

యోహాను గారి గుళ్ళోనే జరిగింది అది.

రోమ్‌లోని పెద్దగుళ్ళలో పాపసంకీర్తనం వినే గురువుల దగ్గర ఒక పొడవాటి సన్నని బెత్తం ఉంటుంది. చేపలు పట్టే గాలం కర్రలా వాళ్ళు కూర్చునే చెక్కపెట్టె అంచు మీంచి బయటికి చాచి ఉంటుంది. యాత్రికులు వచ్చి ఎదురుగా తల వంచి మోకరిస్తే, గురువు కూర్చున్న చోటి నుంచే దాని కొసతో నెత్తి మీద తాకిస్తాడు. చిన్నాచితకా పాపాలకు అది క్షమాపణ, ఒక దీవెన. రోమ్ వాళ్ళు సంతలో ధర అడిగినంత తేలిగ్గా వచ్చి తాకించుకుని పోతుంటారు. నాకూ అలవాటైపోయింది.

అత్త ఆ పెట్టె ముందు వరుసలో తన వంతు కోసం మోకరించి, కళ్ళు మూసుకుని, తల వంచుకుని ఉంది. తన పాపాలేవో మనసులో కూడగట్టుకుంటున్నట్టుంది. లోపల గురువుగా కూర్చున్న సన్యాసి ఆమెను చూసి, అందరికీ చేసినట్టే బెత్తం చాచి, నెత్తి మీద టక్కున తాకించాడు.

ఆమె లేచిన తీరు నేను మర్చిపోలేదు. అంత వయసు మనిషి, కాళ్ళ నిండా పుళ్ళు. తల మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, నడుం వంచి, పక్కకు దూకింది. అలా దూకడం ఒళ్ళు నేర్చుకున్న పని. తర్వాత కళ్ళు తెరిచి, బెత్తాన్ని చూసింది. బెత్తం చివర ఉన్న మనిషిని చూసింది. మొహం పాలిపోయింది.

"థూ" అంది. గుళ్ళో ఉమ్మలేదు గానీ, ఉమ్మినంత పనైంది. "ఇక్కడ కూడానా?"

గిరుక్కున తిరిగి బయటికి నడిచింది. నేను వెనకాలే పరుగెత్తాను. మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"అత్తా, అది దెబ్బ కాదు. దీవెన."

"మీ మామా అదే అనేవాడు."

ఆమె మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పింది, మడమలు చూసుకుంది, మళ్ళీ తొడుక్కుంది. "జపాలు లోపల చెప్పుకున్నాను. అవి లెక్కే. కానీ ఈ ఊళ్ళో ఎవడి దగ్గరా పాపసంకీర్తనం చెయ్యను. వాడి నీళ్ళు వాణ్ణే తవ్వుకోమను."

పాపసంకీర్తనం లేకపోతే మిగతావన్నీ వృథా. అది నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. సాయంత్రం లోపు మనసు మారకపోతే ఇంతదూరం వచ్చి ఊరికే తిరిగి వెళ్ళాలి, రోజూ ఆ కుళాయి దగ్గరికే వెళ్ళాలి.

ట్రాములో టెస్టాచ్చోకు, మా ఇంటికి, తీసుకొచ్చాను. నా భర్త రెమో పశువధశాలలో పనివాడు. తోళ్ళూ పేగులూ ఆ పనివాళ్ళ వాటా. అందుకని మా పేటలో ఎవరింట్లో చుట్టం దిగినా పెట్టేది అదే. పాలు తాగే దూడ పేగును కడగకుండా, లోపలి పాలతోనే ఉడికించి టమాటా గుజ్జులో వేస్తాం. రెమో తెల్లవారుజామునే పనిలోంచి మంచి భాగం ఎంచి తెచ్చి పెట్టాడు. మధ్యాహ్నం తిండికి వచ్చి తనే వడ్డించాడు.

అత్త ముల్లుగరిటెతో ఒక ముక్కను తిప్పి చూసింది. "లోపల తెల్లగా ఉన్నదేంటబ్బాయ్?"

"పాలు అత్తగారూ. దూడ పొద్దున తాగినవి."

"పేగు కడగలేదా?"

"కడిగితే రుచేముంది? పోపుగారికి కూడా దొరకదు ఈ ముక్క."

"అందుకే బతికున్నాడు" అని ప్లేటు పక్కకు జరిపింది. రెమో పొట్ట పట్టుకుని నవ్వాడు. రోమ్ వాడు గదా, ఎవరు తిట్టినా సంబరమే. తర్వాత ఆమె మొహం సరిగా చూసి నవ్వు ఆపాడు. లేచి వెళ్ళి, మెట్ల కింది ముసలావిడను అడిగి రెండు గుడ్లు తెచ్చి, తనే వేయించి పెట్టాడు. వంటింటి గడప తొక్కని మనిషి. గుడ్లు మాడాయి. అత్త మాడిన చోటుతో సహా తినేసింది.

గుళ్ళో జరిగింది నేను చెప్పాను. రెమో చెంప గోక్కున్నాడు. అతనికి గురువులంటే అంత గౌరవం లేదు.

"అత్తగారూ, ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. మిమ్మల్ని కొట్టినవాణ్ణి పైకి పంపడానికి మీరు కాళ్ళు పుళ్ళు చేసుకోవడం దేనికి? ఉండనివ్వండి వాణ్ణి, ఇంకాస్త వేగనివ్వండి."

"రెమో" అన్నాను నేను.

"మాట్లాడనీవే. వచ్చిన దగ్గరనుంచీ నాకు నచ్చిన మాట ఇదొక్కటే" అంది అత్త. చాలాసేపు రొట్టెముక్కతో ప్లేటు తుడుస్తూ కూర్చుంది. "నేనూ అదే అనుకున్నానబ్బాయ్. కానీ వాడు ఇంకా నా నెత్తి మీదే ఉన్నాడు. బతికున్నప్పుడు కర్రతో, చచ్చాక నీళ్ళతో. తెక్లా నోట్లోంచి, గురువు నోట్లోంచి, కుళాయి దగ్గర ఆడముండల కళ్ళల్లోంచి. వాడు అక్కడున్నంతకాలం నేనూ ఖాళీ కాను. పంపించేస్తే పీడ పోతుందనుకున్నాను. ఇక్కడికొస్తే ఇక్కడా కర్రే."

రెమో లేచాడు. ఆమె బూట్లు తీసుకుని మడమ దగ్గర కత్తితో చీల్చి, లోపల మెత్తటి తోలుముక్క పెట్టి తెచ్చాడు. తొడుక్కుని నాలుగడుగులు వేసింది. "నువ్వు వండడం కంటే ఇది నయం" అంది.

పౌలు గారి గుడి మా పేటకు దగ్గరే. పాపసంకీర్తనం చెయ్యకపోయినా దేవుడికి నాలుగు జపాలు చెప్పుకుంటే తప్పు లేదుగదా అంటే కాదనలేదు. దారిలో నది వచ్చింది. "ఇదేనా ఆ పేరుగొప్ప నది? మా వాగులో బర్రెలు దిగాక ఇలా ఉంటుంది" అంది. గుళ్ళో జపాలు పూర్తయ్యేసరికి ఆమె లేవలేకపోయింది. కావలివాడు ఎక్కడి నుంచో ఒక కుర్చీ మోసుకొచ్చి, అడక్కుండానే ఆమె పక్కన వేసి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. అత్త అతని వీపు వంక చూసింది. ఆ రోజు ఆమె ముక్కు చిట్లించకుండా చూసిన మొదటి మనిషి అతను.

కుర్చీలో కూర్చునే అంది: "నాలుగోది కూడా చూసేద్దాం. సగంలో ఆగిపోయిందని తెక్లా అనకుండా. పాపసంకీర్తనం మాట ఎత్తకు."

ఎత్తలేదు.

పేతురు గారి గుడికి చేరేసరికి పొద్దు వాలుతోంది. ట్రాములో ఆమె నిలబడే వచ్చింది. లోపల పేతురు గారి కంచు విగ్రహం ముందు వరుస కట్టి జనం పాదాన్ని ముద్దు పెట్టుకుంటున్నారు. ఎన్ని నోళ్ళు తాకాయో, ఆ పాదానికి వేళ్ళు అరిగి నున్నబడిపోయాయి. అత్త ముందున్న లావుపాటి మనిషి చప్పుడు వచ్చేలా ముద్దు పెట్టి, తడి వదిలేసి పోయాడు. అత్త గౌను అంచుతో పాదాన్ని తుడిచింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి, సందులూ మూలలూ వదలకుండా.

"అమ్మా, త్వరగా" అన్నాడు కావలివాడు.

"నువ్వు తుడిచుంటే నాకీ పని ఉండేది కాదు నాయనా" అని, మరోసారి తుడిచి, పెదవులు ఆనీ ఆనకుండా ముద్దు పెట్టుకుంది.

అక్కడి నుంచి పక్కకు తిరిగితే పాపసంకీర్తనం పెట్టెలు. ఒక పెట్టె అంచు మీంచి బెత్తం చాచి ఉంది. వెనక ఒక ముసలి సన్యాసి గడ్డం రొమ్ముకు ఆనించి కునుకుతున్నాడు. ఎదురుగా నలుగురైదుగురు ఆడవాళ్ళు మోకరించి ఉన్నారు. నేను అత్త మోచెయ్యి పట్టుకుని అవతలికి నడిపించబోయాను. ఆమె కదల్లేదు.

ఆ బెత్తాన్నే చూస్తోంది. ఒకావిడ ముందుకొచ్చి తల వంచింది, సన్యాసి ఉలిక్కిపడి మేలుకుని తాకించాడు, ఆవిడ శిలువ గుర్తు వేసుకుని చిరునవ్వుతో వెళ్ళిపోయింది. ఇంకొకావిడ. ఇంకొకావిడ. అత్త దవడ బిగుసుకుంటోంది. నా చెయ్యి విదిలించుకుని ముందుకు నడిచి, మోకరించకుండా ఆ పెట్టె ఎదుట నిలబడింది.

సన్యాసి అలవాటుగా బెత్తం ఎత్తాడు. అది ఆమె తల మీదకు రాకముందే అత్త చెయ్యి చాచి దాని కొస పట్టుకుంది.

వరుసలో ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టారు. సన్యాసి ఒకసారి లాగి చూశాడు. పొట్టేళ్ళ కొమ్ములు పట్టి ఆపిన చెయ్యి అది, రాలేదు.

"ఎక్కడి నుంచి తల్లీ?" అన్నాడు.

"ముందు ఇది లోపల పెట్టు స్వామీ. తర్వాత మాట్లాడుకుందాం."

ఆయన ఆమెను కాసేపు చూశాడు. కోపం తెచ్చుకుంటాడని నేను జపమాల పట్టుకున్నాను. "వదిలితే కదా పెట్టేది" అన్నాడాయన. అత్త వదిలింది. ఆయన బెత్తాన్ని వెనక్కి లాక్కుని, పెట్టెలో మూలన నిలబెట్టి, ఇంకేమీ అడక్కుండా పక్కనున్న జాలీ కిటికీ చూపించాడు. అత్త వెళ్ళి మోకరించింది.

మా అత్త గొంతు ఈ కొండ మీద నిలబడి ఆ కొండ మీద గొర్రెల్ని పిలిచే గొంతు. గుసగుస ఆమెకు చేతకాదు. "నేను వాడు చచ్చినందుకు సంతోషపడ్డాను" అన్న మాట మా అందరికీ వినిపించింది.

పాపసంకీర్తనం వినకూడదు. నేను చెవులు మూసుకోబోతుంటే, వరుసలో నా పక్కనున్న ఆవిడ, నల్లశాలువా కప్పుకున్న ఎవరో నేపుల్స్ మనిషి, నా వైపు చూసి, గట్టిగా మంగళవార్త జపం మొదలుపెట్టింది. ఆ పక్కావిడ అందుకుంది. నేనూ అందుకున్నాను. అందరం కలిసి, ఊళ్ళో ఊరేగింపులో చెప్పినంత గట్టిగా చెప్పాం, ఆమె మాటలు ఎవరి చెవినా పడకుండా. కావలివాడు వచ్చి ఏమిటీ గోల అన్నాడు. "జపమాల చెప్పుకుంటే కూడా తప్పేనా గుళ్ళో?" అని నేపుల్స్ ఆవిడ కసిరి, మళ్ళీ అందుకుంది.

అయినా జపానికీ జపానికీ మధ్య ఊపిరి తీసుకునేటప్పుడు కొన్ని మాటలు వినిపించాయి. మిగతావి ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తే నాకు చెప్పింది. ఆమెకు అందులో రహస్యమేమీ కనిపించలేదు.

"సంతోషపడటం పాపమేనా?" అని అడిగిందట.

"పాపమే. కానీ నాకు అర్థమయ్యే పాపం" అన్నాడట ఆయన.

"పొద్దుటి నుంచీ ఈ ఊరిని అసహ్యించుకున్నాను."

"అది చెప్పక్కర్లేదు. నేను చాలా ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాను."

అప్పుడు అత్త అసలు సంగతి అడిగిందట. "వాణ్ణి క్షమించానని చెప్తే గానీ ఫలం వాడికి చేరదంటున్నారు. నాకు వాడి పేరు నోటికే రాదు. లేని ప్రేమ ఎక్కణ్ణుంచి తేను?"

సన్యాసి గడ్డం మళ్ళీ రొమ్ముకు ఆనిందట. నిద్రపోయాడేమో అనుకుందట.

"గొర్రెలు కాస్తావా తల్లీ?"

"పుట్టిన దగ్గరనుంచీ."

"సాధుజంతువుకే నీళ్ళు పెడతావా, కుమ్మే పొట్టేలుకు కూడా పెడతావా?"

"దానికీ పెడతాను. దాహం దాహమే కదా. కానీ తడిక వేసే పెడతాను."

"అలాగే పెట్టు. తడిక తియ్యమని నిన్ను ఎవరూ అడగలేదు. అడిగితే వాళ్ళకు తెలియక అడిగారు. వాడికి కీడు కోరకుండా ఉండగలిగితే ఈ రోజుకు అంతే చాలు."

ఆయన పాపవిమోచన మాటలు పలికి, చెయ్యెత్తి దీవించాడు. అత్త లేచి వచ్చింది. నేపుల్స్ ఆవిడ జపం ఆపి, అత్త మొహం వంక చూడకుండా, తన చోటు నుంచి పక్కకు జరిగి దారి ఇచ్చింది. అత్త ఆమె భుజం మీద చెయ్యి వేసి ముందుకు నడిచింది.

పేతురు గారి సమాధి దగ్గర దీపాలు వెలుగుతున్నాయి. అక్కడ ఆఖరి జపాలు. అత్త పరలోక జపం చెప్పింది, మంగళవార్త చెప్పింది, పోపుగారి తలంపులు నెరవేరాలని చెప్పాల్సింది చెప్పింది. నేనూ చెప్పుకుని శిలువ గుర్తు వేసుకున్నాను. ఆమె వేసుకోలేదు. ఇంకా మోకాళ్ళ మీదే ఉంది. ఫలాన్ని ఎవరికి ఇచ్చేదీ అనుకోవాల్సింది అప్పుడే. అంతదూరం వచ్చాక కూడా ఆమె ఏం చేస్తుందో నాకు తెలియలేదు. పోయిన మా నాన్న ఆత్మకు ఇచ్చినా అడ్డు చెప్పేదాన్ని కాదు. ఆమెకే ఉంచుకున్నా సంతోషించేదాన్ని.

ఆమె మొహం పొద్దున స్టేషన్‌లో ఎలా ఉందో అలాగే ఉంది. ముక్కుపుటాలు బిగుసుకుని, నోరు చేదు తిన్నట్టు.

"గాస్పరె" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. "ఇవాళ నేను నడిచిందంతా నీకే ఇస్తున్నాను. రేపటి సత్ప్రసాదం కూడా నీ పేరు మీదే. తాగు. తాగి పైకి పో. నీకు కీడు కోరడం లేదు."

ఆగింది. తలగుడ్డ ముడి బిగించుకుంది.

"నేను వచ్చే రోజున మాత్రం గుమ్మం దగ్గర నిలబడకు. నాకు ఎదురు రావద్దు. ఆ చివర ఎక్కడైనా కూర్చో. చోటు చాలా ఉంటుందంటున్నారు."

అప్పుడు శిలువ గుర్తు వేసుకుని, నా భుజం పట్టుకుని లేచింది.

మర్నాడు పొద్దున మా పేట గుళ్ళో సత్ప్రసాదం తీసుకుంది. రైలెక్కించాను. కిటికీలోంచి, "మీ ఆయనకు చెప్పు, బూట్లు బాగున్నాయి. ఆ పేగులు మాత్రం ఎవరికీ పెట్టొద్దను" అంది. రైలు కదలకముందే తలగుడ్డ కొస మళ్ళీ ముక్కుకు పెట్టుకుంది.

ఊళ్ళో దిగిన రోజే తెక్లా కుళాయి దగ్గర పట్టుకుందట. మా అమ్మ అక్కడే ఉంది, ఆమె చెప్పగా నాకు తెలిసింది.

"చేశావా వదినా అన్నీ? క్షమించావా మా అన్నని?"

అత్త బిందె కుళాయి కింద పెట్టింది. "నీళ్ళు పంపించాను తెక్లా. తాగాడో లేదో వాడు చూసుకుంటాడు."

"మరి రాత్రి కూడా కలలోకొచ్చాడే."

"వస్తే నువ్వే మాట్లాడు. నీ అన్నే కదా" అని, బిందె నిండేదాకా ఆగి, నెత్తికెత్తుకుని, ఎవరి మొహమూ చూడకుండా గట్టెక్కి వెళ్ళిపోయిందట.